కొత్త లెక్కల మాస్టారికి నేను నేర్పింది

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు నన్ను కలిసినప్పుడు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే. "క్లాసుని అదుపులో పెట్టడం ఎలాగండీ?" ఈ ప్రశ్నకి ముప్ఫై ఏళ్లపాటు తడుముకోకుండా జవాబు చెప్పాను. ఒక గురువారం మధ్యాహ్నం నుంచి చెప్పడం మానేశాను. ఆ గురువారం ఏం జరిగిందో రాసి పెట్టమని మీలో ఒకరిద్దరు చాలాకాలంగా అడుగుతున్నారు. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు కనుక ఇన్నాళ్లూ దాటవేస్తూ వచ్చాను. మంచి జరిగిందని తలుచుకుని ఊపిరి పీల్చుకునే సంగతి మాత్రం అవును. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నేను లెక్కల టీచర్ని. కోనసీమ దాటి ఉద్యోగం చేయలేదు. రాజోలు వైపు కొన్నాళ్లు, కొత్తపేట దగ్గర కొన్నాళ్లు, మిగతాదంతా అల్లవరం చుట్టుపక్కల ఊళ్లలో. మా నాన్న కొబ్బరి చెట్లెక్కి కాయల దింపు తీసేవాడు. మా ఇంట్లో పదో తరగతి పరీక్ష రాసిన మొదటి మనిషిని నేను. మా పేటలో ఆదివారం గుడిలో, అంటే మా చర్చిలో, పెద్దవాళ్లు ఎంత నిశ్శబ్దంగా కూర్చునేవారో బడిలో పిల్లలూ అంత నిశ్శబ్దంగా కూర్చోవాలని నా మనసులో చిన్నప్పుడే పడిపోయింది. పెద్దయ్యాక ఆ ఆలోచనని ఎప్పుడూ తిరగేసి చూసుకోలేదు.

బెత్తం పట్టింది లేదు. ఆ మాట ఎక్కడైనా చెప్పుకునేదాన్ని. నా పద్ధతి వేరు. హోంవర్క్ చేయనివాళ్లు, పాఠం మధ్యలో మాట్లాడేవాళ్లు గుమ్మం బయట నిలబడాలి. పీరియడ్ అయ్యేదాకా అంతే. తిట్టు లేదు, దెబ్బ లేదు. రెండు వారాలు ఇలా చేస్తే మూడో వారం నుంచి నా క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినపడేది. తనిఖీకి వచ్చిన అధికారులు మెచ్చుకునేవారు. పక్క క్లాసుల టీచర్లు అల్లరి పిల్లల్ని నా దగ్గరికి పంపేవారు.

రిటైర్మెంటుకి ఎనిమిది నెలలున్నాయనగా మా హైస్కూలుకి కొత్త లెక్కల మాస్టారు వచ్చాడు. ఐ.పోలవరం అవతల, నదీముఖం దగ్గర ఊరు. చేపల వేటకి వెళ్లే కుటుంబం. తండ్రికి ఇంజను పడవ ఉంది. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మెల్లగా మాట్లాడేవాడు. అమలాపురంలో ఒక గది అద్దెకి తీసుకుని ఆటోలో వచ్చి వెళ్లేవాడు. కొత్తవాళ్లకి ఇచ్చే కొద్ది రోజుల శిక్షణ అయ్యాక, ప్రతి ఒక్కరినీ ఒక సీనియర్ టీచరుకి అప్పగించాలని పైనుంచి కాగితం వచ్చింది. మా హెడ్మాస్టారు నన్ను పిలిచి ఫారాల కట్ట చేతికిచ్చారు.

"వారానికో క్లాసు చూడాలంటండి. చూసి ఈ గళ్లు నింపాలంట. మీకంటే సీనియర్ ఎవరున్నారండీ మనకి? ఆయన్ని మీ చేతిలో పెడతన్నాను."

"నాలుగు నెలల్లో తయారుచేసి ఇస్తానండి," అన్నాను. సరిగ్గా ఆ మాటే అన్నాను. కుండనో బుట్టనో తయారుచేసి ఇస్తానన్నట్టు.

మొదటిసారి వెళ్లి ఎనిమిది బి సెక్షన్‌లో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆ రోజు పాఠం అనుపాతం. అతను బోర్డు దగ్గర లేడు. మధ్య వరసలో బెంచీ చివర పిల్లల పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. ఇన్ని ఎకరాల రొయ్యల చెరువుకి ఇంత మేత అయితే రెండింతల చెరువుకి ఎంత, మేత అంతే ఉండి చెరువులు పెరిగితే ఎన్ని రోజులకి సరిపోతుంది అని అడుగుతున్నాడు. పిల్లలు గుంపులుగా చేరి వాదించుకుంటున్నారు. సగం మంది తండ్రులు ఆ చెరువుల మీదే పని చేస్తారు మరి. ఒకడు లేచి నిలబడి, తన లెక్కే కరెక్టని బల్ల మీద కొడుతున్నాడు. నా ఫారంలో మొదటి గడిలో "శబ్దం ఎక్కువ" అని రాశాను. రెండో గడిలోనూ అదే రాశాను.

క్లాసయ్యాక స్టాఫ్ రూములోకి వచ్చి, నిలబడే అడిగాడు. "ఎలా ఉందండీ మేడం గారండీ?"

"సంతలా ఉంది మాస్టారూ."

"ఆయ్."

"పిల్లలు మిమ్మల్ని వాళ్లలో ఒకడనుకుంటున్నారు. ఇప్పుడు లోకువైతే ఏడాదంతా లోకువే."

"ఆయ్, నిజమేనండి."

మా వైపు 'ఆయ్' అన్న మాటకి చాలా అర్థాలున్నాయి. అవును అని ఒకటి, విన్నాను అని ఒకటి. నాకింక మాట్లాడే ఓపిక లేదు, మీ ఇష్టం అని ఇంకొకటి. అతను ఏ అర్థంతో అన్నాడో నేను పట్టించుకోలేదు. వినయం అనుకుని సంతోషించాను. అతని నోట్సు పుస్తకం తీసుకుని ఎర్ర పెన్నుతో మూడు వాక్యాలు రాసిచ్చాను. మొదటి నెల పిల్లల ముందు నవ్వవద్దు. వాళ్ల బెంచీల మీద కూర్చోవద్దు. హోంవర్క్ చేయనివాళ్లని గుమ్మం బయట నిలబెట్టండి. కింద సంతకం కూడా చేశాను.

అతను మూడూ తు.చ. తప్పకుండా చేశాడు. నెల తిరిగేసరికి ఎనిమిది బి నా క్లాసులాగే అయిపోయింది. కారిడార్లో నడుస్తూ ఆ నిశ్శబ్దం విని నాలో నేనే మురిసిపోయేదాన్ని. ఫారంలో "చాలా మెరుగుపడింది" అని రాశాను.

మా తెలుగు మేడానికి మాత్రం అది నచ్చలేదు. ఆవిడా నేనూ ఒకే ఈడువాళ్లం, పక్కపక్కనే కూర్చుని భోంచేసేవాళ్లం. ఒక రోజు కేరేజీ విప్పుతూ అంది.

"ఆ కుర్రాడు చిక్కిపోతన్నాడు, చూసేరా?"

"కొత్త కదండీ. అలవాటవుతుంది."

"క్లాసు అలవాటయిందండి. మనమే అలవాటవలేదు. మన దగ్గరికి వచ్చి తినడం మానేసేడు. ఖాళీ క్లాసులో ఒక్కడూ కూర్చుని తింటన్నాడు."

"నేనూ అలాగే నేర్చుకున్నానండి ఉద్యోగం. ఎవరు పక్కన కూర్చుని తినిపించేరు నాకు?"

ఆవిడ నా వంక చూసింది. నా ప్లేటులో కాస్త పచ్చడి వేసింది.

ఇక ఆ గురువారం. పొద్దుటి నుంచి వాన పడుతూ, ఆగుతూ ఉంది. మా బడి వెనక రోడ్డు, రోడ్డు పక్కనే కాలవ. అప్పటికి వారం రోజులుగా కాలవ నిండుగా పారుతోంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను పదో తరగతిలో ఉన్నాను. బెల్లు కొట్టారు. తలుపు దగ్గర కొత్త మాస్టారు నిలబడి ఉన్నాడు. మనిషి మొహంలో రక్తం లేదు.

"మేడం గారండీ, ఒక్కసారి రండి."

బయటికి వెళ్లాను.

"ఒక అమ్మాయి కనపడట్లేదండి. హోంవర్క్ చెయ్యలేదని బయట నిలబెట్టేనండి. కాసేపటికి చూస్తే లేదు. బాత్రూముకెళ్లి ఉంటాదనుకుని పాఠం చెప్పేసేనండి. బెల్లయ్యాక చూసినా లేదు. బ్యాగు మాత్రం క్లాసులోనే ఉంది."

ఆ అమ్మాయి నాకు తెలుసు. తల్లి కువైట్‌లో ఒక ఇంట్లో పనికి వెళ్లి రెండేళ్లయింది. తండ్రి బడికి దూరంగా రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటాడు. పిల్లని చూసుకునేది నాయనమ్మ. నెమ్మదైన పిల్ల. ఇదివరకు ఎప్పుడూ బయట నిలబడినట్టు నేను చూడలేదు.

బాత్రూములు చూశాం. వంటగది వెనక, సైకిళ్ల షెడ్డు, మెట్ల కింద, అన్నీ చూశాం. కోడిగుడ్ల ఆటో వచ్చినప్పుడు గేటు తీశానని, వాన వస్తోందని మూయకుండా లోపలికి వచ్చేశానని అటెండరు చెప్పాడు. నాయనమ్మ ఇంటికి ఒక టీచర్ని పంపాం. పిల్ల ఇంటికి రాలేదని కబురొచ్చింది. ముసలావిడకి మూడు రోజులుగా జ్వరమని, వంటా వార్పూ ఆ పిల్లే చేస్తోందని కూడా అప్పుడే తెలిసింది. హెడ్మాస్టారు తండ్రికి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఎన్నిసార్లు చేసినా ఆయన వేరే కాల్‌లో ఉన్నారనే వస్తోంది.

నేనూ కొత్త మాస్టారూ గొడుగు కూడా లేకుండా కాలవ వైపు పరుగెత్తాం. రేవులో బట్టలు ఉతుక్కునే ఒకామె వాన తగ్గుతుందేమోనని చెట్టు కింద నిలబడి ఉంది.

"యూనిఫాం ఏసుకున్న పిల్లేనాండి? గట్టెంబడి ఎల్తా కనపడిందండి. అదుగో, ఆ దుంగ కాడ దాకా సూసేను. ఈలోపు వాన జోరందుకుంది. మరి కనపడలేదండి."

ఆ దుంగ అంటే కాలవకి అడ్డంగా వేసిన తాటి దుంగ. అవతలి గట్టుకి దగ్గర దారని జనం దాని మీద నడుస్తారు. మేం వెళ్లేసరికి అది నాచు పట్టి, నీళ్లు కారుతూ నున్నగా ఉంది. అవతలి గట్టు మీద కనుచూపు మేరలో మనిషి లేడు. దుంగకి కాస్త దిగువన తూము. తూము ముందు గుర్రపుడెక్క పచ్చగా, దట్టంగా పేరుకుని ఉంది.

అతను దుంగ వంక చూశాడు. తూము వంక చూశాడు. కళ్లద్దాలు, ఫోను, వాచీ తీసి నా చేతిలో పెట్టి నీళ్లలోకి దూకాడు.

నదీముఖంలో పుట్టినవాడు కనుక నీళ్లంటే భయం లేదు. గుర్రపుడెక్క కిందికి మునిగి తూము నోటి దాకా చేతులతో వెతికాడు. పైకి వచ్చి తల అడ్డంగా ఊపాడు. మళ్లీ మునిగాడు. నేను గట్టు మీద నిలబడి లెక్కపెడుతున్నాను. లెక్కల టీచర్ని కదా, చేతకాని సమయంలో కూడా అంకెలే వస్తాయి. ముప్ఫై దాకా లెక్కపెట్టాక పైకి వచ్చాడు. "లేదండి," అన్నాడు. మూడోసారి మునిగాడు. ప్రార్థన చేద్దామంటే నాకు వాక్యం రాలేదు. ప్రభువా, ప్రభువా అని అదొక్కటే వచ్చింది. కళ్ల ముందు మాత్రం అతని నోట్సు పుస్తకంలో నా ఎర్ర అక్షరాలు కనపడుతున్నాయి.

అప్పుడు నా చేతిలో ఉన్న అతని ఫోను మోగింది. హెడ్మాస్టారు.

"దొరికిందండీ. వాళ్ల నాన్న బండి మీద తీసుకొచ్చేసేడు. పిల్ల బానే ఉంది. వచ్చేయండి."

గట్టు మీద బురదలోనే కూర్చుండిపోయాను. అతను పైకి తేలగానే అరిచాను. "దొరికింది బాబూ. బడిలోనే ఉంది. బానే ఉంది." అంతకుముందు అతన్ని బాబూ అని ఎప్పుడూ పిలవలేదు. అతను ఛాతీ లోతు నీళ్లలో నిలబడి నన్ను చూశాడు. వెంటనే పైకి రాలేదు. ఇంకోసారి నీళ్లలోకి మునిగాడు. ఎందుకో నాకు తెలుసు. కాలవలో మునిగి లేచిన మొహం మీద కన్నీళ్లు వేరుగా కనపడవు.

మేం బడికి వచ్చేసరికి ఆ అమ్మాయి హెడ్మాస్టారి గదిలో కుర్చీ మీద కూర్చుని ఉంది. తెలుగు మేడం తన పైట చెంగుతో పిల్ల తల తుడుస్తోంది. నేను ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకున్నాను. వెచ్చగా ఉన్నాయి. అంత హాయి నాకు జీవితంలో రెండు మూడు సార్లకంటే ఎక్కువ తెలియదు.

"ఎక్కడికెళ్లేవమ్మా?"

"దుంగ దాటి నాన్న దగ్గరికండి. గురువారం అమ్మ ఫోన్ చేత్తాదండి. అక్కడ వంటయ్యాక ఆళ్ల మేడం గారు వారానికోసారి ఫోన్ ఇత్తారండి. నాయనమ్మకి జొరం అని చెబుదామని ఎళ్లేనండి."

"చెప్పి వెళ్లాలి కదా తల్లీ. పాఠం జరుగుతుండగా వెళ్లిపోతే ఎలా?"

పిల్ల నా వంక ఆశ్చర్యంగా చూసింది. "నేను పాఠంలో లేను కదండీ, బయట నిలబడ్డాను కదా. అక్కడికి పాఠం వినపడట్లేదండి. ఊరికే నిలబడేకంటే అమ్మతో మాటాడి వచ్చేద్దామనుకున్నాను."

ముప్ఫై ఏళ్లలో నా పద్ధతిలో తప్పుందని ఎవరూ అనలేదు. పదమూడేళ్ల పిల్ల, తప్పు చెబుతున్నానని కూడా తెలియకుండా చెప్పేసింది.

ఫోను అంతసేపు కలవకపోవడానికి కారణం కూడా అదే. తండ్రీ కూతురూ కువైట్‌తో మాట్లాడుతున్నారు. మాటలయ్యాక హెడ్మాస్టారి ఫోన్లు అన్ని కనపడేసరికి, తండ్రి కంగారుపడి కూతుర్ని బండెక్కించుకుని వచ్చేశాడు.

ఈలోగా కబురు ఊరంతా పాకింది. పిల్ల కాలవలో పడిందట అని మొదలై, ఎవరో తీశారట అనే దాకా వెళ్లింది. స్కూలు కమిటీ చైర్మన్ నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. మంచి మనిషే. కానీ భయపడ్డ మనిషికి, భయం తీరిపోయాక కోపం వస్తుంది. ఆయనకి వచ్చింది.

"పిల్లని బయటికి గెంటింది ఎవరండీ?"

కొత్త మాస్టారు తడిబట్టలతో గోడ వారన నిలబడి ఉన్నాడు. "నేనేనండి. తప్పు నాదేనండి."

"నిన్న గాక మొన్న వచ్చి, అప్పుడే పిల్లల్ని గెంటేత్తన్నావా? హెడ్మాస్టారండీ, కాయితం ఇవ్వండి. తండ్రి చేత రాయించి మండలం ఆఫీసులో ఇచ్చేద్దాం."

హెడ్మాస్టారు నా వంక చూశారు. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. నేను వెంటనే నోరు విప్పలేదు. నాకు ఎనిమిది నెలల సర్వీసు కూడా మిగల్లేదు. మచ్చ లేని ఉద్యోగం అని నేను చెప్పుకునే ఉద్యోగం. అతనా, కుర్రాడు, ఎలాగూ ఒప్పుకున్నాడు. హెడ్మాస్టారు తెల్ల కాగితం తీసి బల్ల మీద పెట్టి, పెన్ను మూత తీసేంతసేపు నేను ఊరుకున్నాను. చిన్న వ్యవధే. కానీ ఆ వ్యవధిలో నేనేమిటో నాకు తెలిసిపోయింది.

తర్వాత నేనే స్టాఫ్ రూముకి వెళ్లి అతని నోట్సు పుస్తకం తెచ్చి, ఆ కాగితం మీద తెరిచి పెట్టాను.

"ఈ ఎర్ర సిరా నాదండి. మూడో వాక్యం చదవండి. ఇతను ఇక్కడికి వచ్చినప్పుడు పిల్లల పక్కన కూర్చుని పాఠం చెప్పేవాడు. అలా చెప్పొద్దని, బయట నిలబెట్టమని నేర్పింది నేను. ఫిర్యాదు రాస్తే నా పేరు మీద రాయండి."

చైర్మన్ చదివి, పుస్తకం పిల్ల తండ్రి వైపు జరిపాడు. తండ్రి దాన్ని చూడలేదు. నన్ను చూశాడు. నలభై దాటి ఉంటాయి. చెరువుల మీద ఎండకి నల్లబడిన మొహం.

"నన్ను గుర్తుపట్టలేదా టీచరు గారండీ?"

గుర్తుపట్టలేదు. అతనే చెప్పాడు, ఏ మాత్రం కోపం లేకుండా. నా ఉద్యోగం తొలిరోజుల్లో, పక్క ఊరి హైస్కూల్లో తొమ్మిదో తరగతి నా దగ్గరే చదివాడట.

"నన్నూ బయట నిలబెట్టేవోరండి. వారంలో మూడు నాలుగు రోజులు బయటే. మా నాన్నతో పాటు చేనుకెళ్లేవోణ్ణి, లెక్కలు చేసుకోడానికి కుదిరేది కాదు. ఒక రోజు నిలబడి నిలబడి, గేటు దాకా నడిచేను. గేటు కాడ ఎవరూ పిలవలేదు. అలాగే ఇంటికెళ్లిపోయేనండి. మరి బడికి రాలేదు."

హెడ్మాస్టారు పెన్నుకి మూత పెట్టేశారు.

"నన్నెవరూ వెతకలేదండి," అన్నాడు. తర్వాత గోడ వారన నిలబడ్డ కుర్రాడి వైపు తిరిగాడు. "ఈ మాస్టారు మా అమ్మాయి కోసం తూము కింద వెతికేరంట. ఇందాక రేవు కాడ నించి వచ్చినోళ్లు చెప్పేరు. నేను కాయితం రాయనండి."

చైర్మన్ టీ తెప్పించమని అటెండరుకి చెప్పాడు. ఆ రోజు మా బడిలో అందరం, తడిసినవాళ్లూ తడవనివాళ్లూ, టీ తాగాం. తండ్రి గ్లాసు నేనే అందించాను. క్షమించమని అడిగాను. "ఆయ్, పరవాలేదండి," అన్నాడు. ఆ ఆయ్‌కి అర్థం ఏమిటని ఈసారి చాలాసేపు ఆలోచించాను.

హెడ్మాస్టారు జరిగింది జరిగినట్టు పైకి రాశారు. నాకొక మెమో వచ్చింది, ఉద్యోగంలో మొదటిదీ చివరిదీ. కొత్త మాస్టారికి హెచ్చరికతో పోయింది. మెమో చదువుకున్న రోజు మనసు తేలికపడింది అంటే మీరు నమ్మకపోవచ్చు. రావలసినది ఒకటి ఆలస్యంగానైనా వచ్చి చేరినట్టు అనిపించింది.

మరుసటి సోమవారం అతను నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. మొదటిసారి, అడగకుండా కూర్చున్నాడు.

"మేడం గారండీ, మళ్లీ నా పద్ధతిలో చెప్పుకోనాండి?"

"చెప్పండి. కానీ నాకొకటి చెప్పండి మాస్టారూ. అంత గోలలో పిల్లలు లెక్క చేస్తున్నదీ లేనిదీ మీకు ఎలా తెలుస్తుంది?"

అతను కాస్త సిగ్గుపడ్డాడు. "మా నాన్న పడవ ఇంజను మోత వింటా పెరిగేనండి. మోత ఎప్పుడూ ఉంటాది. అందులో తేడా వస్తే మాత్రం నిద్దర్లో ఉన్నా లేచి కూర్చుంటారు మా నాన్న. క్లాసు కూడా అలాగేనండి. లెక్క చేసే మోత వేరు, కబుర్ల మోత వేరు. వినపడతాదండి."

వెనక బెంచీ మీద కూర్చుని ఆ తేడా వినడానికి నాకు మూడు వారాలు పట్టింది. నిజంగానే ఉంది. కబుర్లలోకి జారిన గుంపు వైపు అతను చూడకుండానే నడిచి వెళ్లి పక్కన కూర్చునేవాడు, లెక్క మళ్లీ మొదలయ్యేది. అతను ఎక్కడ తడబడుతున్నాడో కూడా అప్పుడే కనపడింది. బోర్డు మీద మెట్లు దాటవేసేవాడు, బాగా వచ్చిన పిల్లల వేగంతో పరుగెత్తేవాడు. అవి నాకు బాగా తెలిసిన సంగతులు. వాటి గురించి మాట్లాడుకున్నాం. నేను నేర్పగలిగిందీ, అతనికి కావలసిందీ అవే. ముందు అడిగి ఉంటే మొదటి వారంలోనే తెలిసేది.

ఒక రోజు నా క్లాసుకి వచ్చి కూర్చోమన్నాను. వచ్చాడు. తర్వాత ఎంత అడిగినా బాగుందండి అంటాడే తప్ప ఇంకో మాట చెప్పడు. గట్టిగా అడిగితే చివరికి నోరు విప్పాడు. "మీరు ప్రశ్నలన్నీ మొదటి రెండు బెంచీలనే అడిగేరండి. వెనకాల ఇద్దరు నిద్దరోయేరు." ముప్ఫై ఏళ్ల నిశ్శబ్దంలో ఎంత భాగం నిద్రో నాకు ఇప్పటికీ లెక్క తేలలేదు.

అందుకే మీకు చెప్పేది ఇదే. మీలో కొందరు రేపు సీనియర్లవుతారు, మీ చేతిలోనూ ఎవరినో పెడతారు. వచ్చినవాడు ఏం తెచ్చుకున్నాడో చూడకుండా మీ సంచిలోది అతని నెత్తిన కుమ్మరించకండి. ఇంతకంటే సలహా నా దగ్గర లేదు.

రిటైరయ్యాక రెండు నెలలకి ఆ అమ్మాయి తండ్రి మా ఇంటికి వచ్చాడు. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టవచ్చని కూతురు చెప్పిందట. మిగతావి ఎలాగోలా చదువుకుంటాను, లెక్కలు మీరు చెబుతారా అని అడిగాడు. ఆదివారం గుడి అయ్యాక, చెరువు దగ్గర ఇంకొకరిని కాపలా పెట్టి వచ్చేవాడు. చాలా ఆదివారాలు కూర్చున్నాం. నాకు చేతకాని చోట మా కొత్త మాస్టారిని పిలిపించేదాన్ని. మొదటిసారి అన్నీ పోయి ఉంటే నాకంత బాధ ఉండేది కాదు గానీ, నేను చెప్పిన లెక్కలు ఒక్కటే పోయాయి. నాకంటే ఆ తండ్రే ధైర్యంగా ఉన్నాడు. మళ్లీ రాశాడు.

ఫలితాలు వచ్చిన రోజు నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఫోన్ మోగింది.

"టీచరు గారండీ, లెక్కలు వచ్చేసినయ్యండి. నలభై రెండు మార్కులు."

తీగ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కాసేపటికి అడిగాను. "ఇంట్లో చెప్పేవా?"

"అమ్మాయి బడిలో ఉందండి. కువైట్ చేసేను గానీ ఎత్తలేదు, పని టైమండి. ఇంకెవరికి చెప్పాలో తోచలేదు. అందుకని మీకు చేసేను."